డోర్నెంబరు బాబాయి

డోర్నెంబరు బాబాయి మనిషి మొహం మర్చిపోతాడేమో గానీ, ఆ మనిషి డోర్నెంబరు మాత్రం చచ్చినా మర్చిపోడు. వీధిలో ఎవరైనా ఎదురుపడి "బాగున్నారా బాబాయిగారూ?" అని పలకరిస్తే ఎగాదిగా చూసి, "ఎవరు బాబూ?" అంటాడు. "అదేనండీ, పోయినేడు మా ఆవిడ ఫారం నింపిపెట్టారు" అనగానే మొహం చాటంత చేసుకుని, "ఆఁ! నలభై రెండు బై మూడు, నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క తలుపు!" అని రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తాడు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు ఎదురుగా, జెరాక్సు కొట్టు పైనున్న ఇరుకు గదిలో ఆయన కొలువు. అందులో రెండు బల్లలు. కిటికీ పక్క బల్ల మీద బాబాయి వలస వచ్చినవాళ్ల దరఖాస్తు ఫారాలు నింపుతాడు. తలుపు పక్క బల్ల మీద తర్జుమా అమ్మాయి జనన పత్రాలూ పెళ్లి పత్రాలూ ఈ దేశపు భాషలోకి మార్చి ముద్ర కొడుతుంది. పేరుకు అమ్మాయే గానీ ముప్పై ఆరేళ్ల మనిషి. పని చురుకు, నోరు ఇంకా చురుకు. ఆమె ఆ గదిలో చేరిన మొదటి రోజునే బాబాయి అడిగాడు.

"అమ్మాయ్, మీ ఇల్లెక్కడ?"

"బస్టాండు దగ్గరండీ."

"బస్టాండు దగ్గర బస్సులుంటాయి. మీ ఇల్లెక్కడని అడుగుతున్నా."

"పార్కుకు ఎదురుగా మూడో బిల్డింగండీ."

"ఎటు నుంచి మూడోది?"

ఆ సంభాషణ మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. తమ ఇంటి ఉత్తరాల డబ్బా నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కూడా ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. అంతా విన్న మనిషికి ఆమె పేరు మాత్రం వారం తిరిగితే గానీ పట్టుబడలేదు.

ఫారంలో చిరునామాకు ఇచ్చేది మూడు వరుసలు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మామూలు మనిషికి రెండు నిమిషాల పని. బాబాయికి ఆ ఇల్లు పునాదుల నుంచి కట్టినంత పని. ముందు పెన్సిలుతో రాస్తాడు. కళ్లజోడు మార్చి చదువుతాడు. ఆ తర్వాత నల్లసిరా పెన్ను తీసి, ఊపిరి బిగబట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఒక్కో అంకే వేస్తాడు.

"త్వరగా కానివ్వండి బాబాయిగారూ, అవతల పదిమంది నిలబడ్డారు" అని తర్జుమా అమ్మాయి గోల పెడితే, పెన్ను ఎత్తకుండానే జవాబు చెబుతాడు.

"ఇంటి నంబరుకీ వాటా నంబరుకీ మధ్య ఒక గడి ఖాళీ వదలాలమ్మాయ్. వదలకపోతే పన్నెండో ఇంట్లో మూడో వాటా కాస్తా నూట ఇరవై మూడో ఇల్లయి కూర్చుంటుంది. ఆ నూట ఇరవై మూడులో ఉండేది పళ్ల డాక్టరు. మన ఉత్తరం ఆయన బల్ల మీద పాత పత్రికల కింద పడి ఉంటుంది. పాపం, పన్ను నొప్పి ఉన్నవాళ్లు ఉత్తరాలు చదువుతారా?"

"గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారు" అనే పేజీ వస్తే మాత్రం బాబాయి పోలీసయిపోతాడు. ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"పాత ఇల్లు ఖాళీ చేసింది మార్చి మూడు. కొత్తింట్లో చేరింది మార్చి ఇరవై రెండు. మధ్యలో పంతొమ్మిది రోజులు ఎక్కడున్నావు నాయనా?"

"గుర్తు లేదండీ."

"గాల్లో ఉన్నావా?"

"అప్పుడు నేను ఊళ్లో లేనండీ, ఈయన ఏదో ట్రైనింగుకి వెళ్లారు" అంది భార్య.

"ట్రైనింగయితే హాస్టలు ఉంటుంది. హాస్టలయితే నంబరు ఉంటుంది. చెప్పు నాయనా."

డ్రైవరు కిటికీలోంచి బయటికి చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. చివరికి, "మా అక్కయ్య ఇంట్లో ఉన్నానండీ" అన్నాడు.

"ఆవిడ గడప తొక్కనని నా ముందు ఒట్టేశావుగా!" అని భార్య లేచి నిలబడింది.

"అమ్మా, ఆ కోపం ఒక్క నిమిషం ఆపుకోండి" అన్నాడు బాబాయి పెన్సిలు చెక్కుకుంటూ. "అక్కయ్యగారి డోర్నెంబరు ఎంత బాబూ?"

వీటన్నిటినీ తలదన్నేది పరీక్ష కార్డు. దరఖాస్తు ఆఫీసులో ఇచ్చే ముందు, అందులో రాయబోయే చిరునామాకు బాబాయి స్వయంగా ఒక పోస్టుకార్డు వేస్తాడు. ఆ కార్డు పట్టుకుని మనిషి తిరిగొస్తేనే సంతకానికి ఫారం చేతికిస్తాడు. రాకపోతే టేపూ టార్చిలైటూ సంచిలో పడేసుకుని ఆ ఇంటికే బయలుదేరతాడు. ఉత్తరాల డబ్బా నోరు కొలవడానికి టేపు. చీకటి మెట్ల మీద నంబర్లు చదవడానికి టార్చిలైటు.

ఒక సోమవారం పొద్దున ఒక ప్లంబరు వచ్చాడు. మనిషి నెమ్మది. అడిగిన దానికే జవాబు చెప్పేవాడు, అదీ నేల చూస్తూ. ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. భార్యనూ ఆరేళ్ల కూతురినీ పిలిపించుకోవాలి. దరఖాస్తులకు శుక్రవారమే ఆఖరు. అది దాటితే మళ్లీ ఏడాది దాకా తీసుకోరు. తర్జుమా అమ్మాయి అప్పటికప్పుడు అతని పెళ్లి పత్రం, పాప జనన పత్రం తర్జుమా చేసి ఇచ్చేసింది. అతను ఉంటున్నది ఒక లాండ్రీ కొట్టు పై గదిలో. బాబాయి ఆ గదికి కార్డు వేశాడు.

బుధవారం వచ్చింది గానీ కార్డు రాలేదు. బాబాయి సంచి భుజాన వేసుకున్నాడు.

ఆ గది ఇద్దరు పట్టేది. అందులో ఆరుగురుంటున్నారు. ఆ సంగతి బయటికి పొక్కకూడదని ఇంటాయన డబ్బా మీద ఎవరి పేరూ రాయనిచ్చేవాడు కాదు. అలాంటి ఇంటాయన లాండ్రీ గుమ్మంలో నిలబడి చూస్తుండగా, ఎవరో పెద్దమనిషి వచ్చి టేపుతో డబ్బా కొలిచాడు. "ఒకటి, రెండు, మూడు" అని పైకి మెట్లు లెక్కపెట్టాడు. నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పైగా, "గదిలో ఎంతమంది ఉంటారండీ?" అని మర్యాదగా అడిగాడు. తనిఖీకి వచ్చిన అధికారే అనుకుని ఇంటాయన సాయంత్రానికల్లా అందరికంటే ఆఖరున చేరినవాణ్ణి సామానుతో సహా దింపేశాడు. ఆ ఆఖరువాడు మన ప్లంబరే.

గురువారం పొద్దున అతను ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో పనిముట్ల పెట్టె పట్టుకుని బాబాయి గది ముందు నిలబడ్డాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ అనాల్సినవన్నీ తర్జుమా అమ్మాయే అంది.

"మీ డోర్నెంబరు పిచ్చి తగలెయ్య! ఉన్న నీడ కూడా ఊడగొట్టారు కదండీ! రేపే ఆఖరు. ఆ పాత అడ్రసే రాసి పారేయండి."

"అక్కడ ఇతను లేడు కదమ్మా."

"ఉన్నాడనుకోండి!"

"అనుకోవడానికి ఫారంలో గడి లేదమ్మా" అన్నాడు బాబాయి. ఎప్పుడూ ఉండే హుషారు ఆ గొంతులో లేదు. పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. కాసేపు ప్లంబరు చేతిలోని సంచి వైపు చూశాడు. తర్వాత ఫారం కవరులో పెట్టుకుని, పనిముట్ల పెట్టె తాను అందుకుని, "పద బాబూ" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

శుక్రవారం దరఖాస్తు ఆఫీసులో చేరింది. రసీదు మీద ముద్ర తర్జుమా అమ్మాయి కళ్లారా చూసింది. ఏం రాశారని అడగాలని నోటి దాకా వచ్చింది గానీ కోపం అడ్డొచ్చి అడగలేదు. వారం రోజులు కిటికీ బల్లకూ తలుపు బల్లకూ మాటల్లేవు.

ఎనిమిదో రోజున బాబాయి పనికి రాలేదు. ఎవరిదో ఇల్లు చూడబోయి, మెట్లు లెక్కపెట్టడంలో మునిగి, ఆఖరి మెట్టు ఉందనుకుని లేని మెట్టు మీద కాలేశాడట. చీలమండ బెణికింది. గదిలో ఆయన సంతకాలు కావలసిన ఫారాలు నాలుగున్నాయి. తప్పదు గనక ఆమె వాటిని తీసుకుని మొదటిసారి ఆయన ఇంటికి వెళ్లింది.

కింద ఉత్తరాల డబ్బా దగ్గరే ఆగిపోయింది. మిగతా డబ్బాల మీద ఒక్కో పేరుంది. బాబాయి డబ్బా మీద బడి హాజరు పట్టీలాగా పదకొండు పేర్లు ఒకదాని కింద ఒకటి అంటించి ఉన్నాయి. ఆఖరున ఉన్నది ప్లంబరు పేరు. సిరా ఇంకా కొత్తగా మెరుస్తోంది.

పైన పిన్ని తలుపు తీసింది. వంటింట్లో తొట్టి కింద నుంచి రెండు కాళ్లు బయటికున్నాయి. ఆ కాళ్ల ఆసామి తల బయటపెట్టి, నేల చూస్తూ నమస్కారం పెట్టాడు. ప్లంబరే.

"ఇదేంటి పిన్నిగారూ?"

"ఏం చెప్పను తల్లీ! మీ బాబాయి అబద్ధపు అడ్రసు రాయలేరు. అడ్రసు లేనివాణ్ణి పొమ్మని అనలేరు. అందుకని మనిషినే తీసుకొచ్చి వెనక గదిలో పెడతారు. అప్పుడు రాస్తే నిజమే కదా!"

"మరి కింద ఆ పేర్లన్నీ?"

"అందరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఈ ఇంట్లో ఉన్నవాళ్లే. నర్సు ఉంది, దర్జీ ఉన్నాడు, కవల పిల్లలతో ఒకావిడ ఉంది. ఇల్లు దొరికి వెళ్లిపోయినా ఆ పేర్లు తీయనివ్వరు. ఎప్పుడైనా ఉత్తరం రావచ్చంటారు. మా పోస్టుమాన్ ఇది హాస్టలనుకుంటున్నాడు."

"నాకు ఒక్కసారి కూడా చెప్పలేదే!"

"చెప్పరు. నాకు వీసా వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పారా? పదిహేడు రాయాల్సిన చోట డెబ్బై ఒకటి రాశారు. ఉత్తరం ఎవరింటికో వెళ్లిపోయింది. నేనక్కడ, ఆయనిక్కడ, ఏడాది ఎనిమిది నెలలు. ఆ రోజుల్లో తాను వండుకు తిన్న దానికి ఈనాటికీ అరుగుదల మందు మింగుతున్నారు."

"ఏడాది ఎనిమిది నెలల పదకొండు రోజులు!" అని లోపలి గదిలోంచి కేక వినిపించింది.

తర్జుమా అమ్మాయి లోపలికి వెళ్లింది. బాబాయి దిండు మీద కాలు పెట్టుకుని, వాపు చుట్టుకొలత టేపుతో చూసుకుంటున్నాడు. ఆమె ఫారాలు మంచం మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, "ఆ రోజు నేనన్న మాటలు..." అని మొదలుపెట్టింది.

"ఏ మాటలమ్మాయ్? నాకేమీ చేరలేదే. అడ్రసు తప్పు రాసి ఉంటావ్" అన్నాడాయన, ఫారం అందుకుని పెన్ను మూత తీస్తూ.

ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నవ్వే ముందొచ్చింది గనక దానితోనే సరిపెట్టుకుంది.

ఐదు నెలలకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సరైన ఇంటికి, సరైన డబ్బాలోకి. అనుమతి ఇచ్చారు. అప్పటికి ప్లంబరు ఆ ఇంట్లో కారే కుళాయి లేకుండా చేసి, పై అంతస్తు వాళ్లవి కూడా బాగుచేసి పెట్టాడు. భార్యా కూతురూ దిగే ఆదివారం నాడు పిన్ని కబురు పెడితే, తర్జుమా అమ్మాయి వచ్చి వెనక గదిలో మంచాలు సర్దింది. బాబాయి మాత్రం పొద్దుటి నుంచీ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే పోయే వాళ్లందరికీ అడ్డం పడుతున్నాడు.

మూడు గంటలకు మెట్ల మీద చిన్న చిన్న అడుగుల చప్పుడైంది. పెట్టెలు మోస్తూ అమ్మానాన్నా ఇంకా కిందే ఉన్నారు. పిల్ల ముందే పరిగెత్తుకొచ్చేసింది. ఎదురుగా ముసలాయనను చూసి గడప బయటే ఆగింది. దారిలో తప్పిపోతే చెప్పాలని తల్లి విమానంలో దారి పొడుగునా బట్టీ పెట్టించిందట. పిల్ల చేతులు కట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"పదిహేడు బై రెండు, మూడో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమచేతి తలుపు, గడియారం వీధి, ఆరు రెండు సున్నా ఒకటి తొమ్మిది."

బాబాయి కళ్లు మూసుకుని విన్నాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి నోటి నుంచి ఒక చిరునామా ఆ చివర నుంచి ఈ చివరి దాకా తప్పు లేకుండా రావడం ఆయన వినడం అదే మొదలు. లోపలికి తిరిగి, "విన్నావా అమ్మాయ్? ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది!" అన్నాడు.

పిల్ల ఆయన వంకా, తలుపు మీద నంబరు వంకా మార్చి మార్చి చూసింది.

"తాతగారూ, ఇది మా ఇల్లేనా?"

బాబాయి కుర్చీ పక్కకు లాగి, తలుపు బార్లా తెరిచాడు.

"ఫారంలో అలాగే రాశాం తల్లీ. ఫారంలో అబద్ధం రాయకూడదు."