పారబోయాల్సిన నీళ్లతో చారు

నాన్నకు కిడ్నీ జబ్బు. గింజలు మానేసి నాలుగు నెలలైంది. నిన్న డాక్టరు కరుణించి, అలసందలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అరకప్పు తినొచ్చన్నాడు. కిడ్నీ జబ్బుకు పడని పొటాషియం నీళ్లలోకి దిగిపోతుందట. బీఎస్సీ చదివినదాన్ని కదా, ఈ రోజు అమ్మకు దాని మీద పాఠం చెప్పి మరీ వంటకు దిగాను. అరకప్పు కొలిచి పెట్టాను. మా బీదర్ ఇళ్లలో గింజలుడికిన నీళ్లు పారబోయరు, చారు కాస్తారు. నా చెయ్యి కూడా అలవాటుగా ఆ నీళ్లకు వెల్లుల్లి పోపు వేసేసింది.

నాన్న చారుగిన్నె ఎత్తుతుంటే అమ్మ ఆపింది.

"బిడ్డా, నువ్వు చెప్పిన పొటాషియం ఇప్పుడు యాడున్నదే?"

"చార్ల," అన్నాను.

"పోనీ, వాసనన్న సూడనియ్యుండ్రి," అన్నాడు నాన్న, గిన్నె దించుతూ.

చారు నేనూ అమ్మా తాగాం. చాలా బాగా కుదిరింది, అదే బాధ. ఆ నీళ్లు పారబోసే గుండె మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.