ముందే చెప్పేసిన సాక్ష్యం

సహోదరులారా, ఆమధ్య ఒక ఆదివారం, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో నిమ్‌పురా పేటలోని మా తెలుగు ప్రార్థన మందిరంలో నిలబడి, నా భార్య మరియమ్మ తలనొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. ఆమెను అడగకుండానే చెప్పాను. రెండు రోజులు మూలగకపోతే తగ్గిపోయిందనుకున్నాను, అందరూ చప్పట్లు కొడుతుంటే నా విశ్వాసమే గెలిచిందని మురిసిపోయాను.

మా మందిరంలో ఒక పాత అలవాటు ఉంది. పక్క రైల్వే యార్డులో ఇంజను కూత వేస్తే పాట ఆపేస్తాం, కూత అయ్యాక అదే చరణం మళ్లీ ఎత్తుకుంటాం. ఎత్తుకునేది ఎప్పుడూ మరియమ్మే. పూరీ గేటు దగ్గర కాపురం పెట్టిన కొత్తలో, వాకిట్లో తడి జుట్టు ఆరబెట్టుకుంటూ ఆమె పాడుతుంటే నాకు డ్యూటీకి వెళ్లబుద్ధయ్యేది కాదు. నా సాక్ష్యం తర్వాత ఆ గొంతు సన్నగిల్లింది, నెత్తిమీది ముసుగు ఇంకా ముందుకు జారింది, నేను దాన్ని భక్తి అనుకున్నాను.

ఒకసారి ఆమెకు జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తుండగా, కుడి కణత మీద ఉబ్బు నా వేళ్లకు తగిలింది. రాయిలా గట్టిగా, కదలకుండా ఉంది.

"ఇదేటే?" అన్నాను.

"గుమ్మం తగిలినాదండి" అంది.

నమ్మేసి, ఖరిదా బజారులో నొప్పి మందు కొనితెచ్చి రాశాను. రైల్వే వర్క్‌షాపులో ఇన్నేళ్లూ బండి చక్రాలు పరీక్షించినవాణ్ణి, పైన సన్నని గీత కనబడితే లోపల చూడందే బండిని వదలనివాణ్ణి. కుడి కన్ను ముందుకు పొడుచుకొచ్చాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

డాక్టరుగారు బెంగాలీ ఆయన. "దీదీ, కబ్ సే?" అని, నొప్పి ఎప్పట్నుంచో హిందీలో అడిగారు. మరియమ్మ నావైపు తిరిగింది.

"ఏటి సెప్పమంటారండి? తగ్గిపోనాదని మీరు సంఘంలో సెప్పీసినారు కదా. నాను నొప్పంటే మిమ్మల్ని అబద్ధికుణ్ణి సేసినట్టు కాదేటి?"

మొదటి స్కానులో ఎముక మందమైనట్టు మాత్రమే కనిపించింది. ఎముక వాపేలే అని నేను ఆశపడ్డాను. ఆయన అక్కడ ఆగకుండా, నరానికి మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీయించి, మెదడును కప్పిన పొరలో గడ్డ పుట్టి, పుర్రె ఎముకలోకి పాకి, చర్మం కిందిదాకా వచ్చిందని చూపించారు. ఇలాంటివి చాలావరకు క్యాన్సరు కావని, అయినా తీసి పరీక్షిస్తేనే ఖాయంగా చెప్పగలమని, ఆలస్యమైతే చూపు పోవచ్చని అన్నారు.

ఆపరేషన్ గది బయట, "ప్రభువా, నీ పేరు చెప్పి నా గొప్ప చెప్పుకున్నాను, నన్ను అందరిలో సిగ్గుపరచు, ఆమెను మాత్రం బతికించు" అని ఏడ్చాను. పాడైన ఎముకతో సహా గడ్డను తీశారు. ముక్క పరీక్షలో క్యాన్సరు కాదని తేలింది. దేవునికే మహిమ.

ఆమె తిరిగి మందిరానికి వచ్చిన ఆదివారం, బయల్దేరేముందు, "ఈరోజు ఏటి సెప్పమంటావు?" అని అడిగాను.

"నొప్పి తగ్గినాదని సెప్పండి. గడ్డ మళ్లీ రావచ్చని, స్కానులు తీయించుకోవాలని కూడా సెప్పండి."

మునుపు నిలబడ్డ చోటే నిలబడి, పాత సాక్ష్యం తప్పని ఒప్పుకుని, ఆమె చెప్పినంతే చెప్పాను. ప్రియులారా, ఆయనను నమ్మండి, నిజం చెప్పినా వినే దేవుడాయన. మీ ఇంట్లో ముసుగు కింద ఎవరైనా నొప్పి దాచుకుంటున్నారేమో, ముందు వాళ్లను అడగండి.

నేను కూర్చున్నాక పాట మొదలైంది. మధ్యలో ఇంజను కూత వేసింది, అందరం ఆగాం. కూత అయ్యాక నేను ముందుగా ఎత్తుకోలేదు. ఆమె కోసం ఆగాను.