మునేశ్వరుడి భుజాల మీద రెండు రోజాలు

హోసూరు రాయకోట రోడ్డులో మా ఇంటి మిద్దె మీద ఉమాశంకర్ పదకొండేళ్ళు బాడుగకున్నాడు. అన్నేళ్ళలో అతను గొంతు పెంచి మాట్లాడగా నేను విన్నది ఒక్కసారే. అదీ నా మీదే. ఆ సంగతీ చెప్తాను, తప్పు చేసింది నేనైనప్పుడు దాచడమెందుకు? ముందు మనిషిని తెలుసుకోవాలి.

సొంతూరు కల్లావి. రాగి చేను నమ్ముకోలేక పంతొమ్మిదేళ్ళకు హోసూరొచ్చి, ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో చేరాడు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. చెవి మాత్రం ఉంది. కంప్రెసర్ పక్కన నిలబడి కళ్ళు మూసుకుని వింటే జబ్బేమిటో చెప్పేవాడు. అత్తిముగం దగ్గర ఒక రోజాపూల తోటవాళ్ళు అది చూసే తమ చల్లగదికి మెకానిక్కుగా పెట్టుకున్నారు. కోసిన రోజాలు వాడకుండా వారాల తరబడి నిలబెట్టడం అతని పని. చిత్తిర నెల మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకుని ఇంటికొచ్చేవాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఏమప్పా, ఊటీ నించా వస్తాండావు?" అని ఆటపట్టించేదాన్ని. "తారక్కా, నువ్వొక దినం లోపలికి వచ్చి చూడు, నీ నోరు కూడా గడ్డ కడతాది" అనేవాడు.

కూతురు మేఘ మా ఇంట్లోనే పుట్టింది. ఇప్పుడు పదేళ్ళు. నాలుగో ఏట మూర్ఛ మొదలైంది. మందులతో తగ్గింది కానీ పోలేదు. వస్తే తెల్లవారి నిద్ర లేచే వేళకే వస్తుంది. తల్లి శ్రీదేవికి అప్పుడు కాళ్ళూ చేతులూ ఆడవు, గోడకానుకుని నిలబడిపోతుంది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టేదీ, గడియారం చూసేదీ ఉమాశంకరే. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలని డాక్టరు చెప్పాడు. మూడుసార్లు దాటింది. మూడుసార్లూ పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉన్నాం.

ఒకసారి అతను డ్యూటీలో ఉండగా వచ్చింది. నేను మిద్దెక్కి పరిగెత్తి, మా అమ్మ చేసినట్టే, పిల్ల చేతిలో ఇనుప తాళాల గుత్తి పెట్టాను. బిగిసిన పిడికిలిలో తాళంచెవి గుచ్చుకుని అరచెయ్యి చీరుకుపోయింది. డ్యూటీ నించి వచ్చి అది చూసి అరిచాడు. "ఇనుము కాదక్కా, మనిషి కావాల ఆ టైంలో! పక్కకు తిప్పండని ఎన్నిసార్లు చెప్పినాను!" నేను ఏడ్చాను. సాయంత్రానికి అతనే వచ్చి "కోపం పెట్టుకోవద్దక్కా" అన్నాడు.

పోయిన కార్తీకంలో తోటాయన భూమిని ప్లాట్లకు అమ్మేశాడు. చల్లగది ఆపేసిన రోజు ఉమాశంకర్ చివరి రోజాల కట్ట తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టాడు. మర్నాటి నించి ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ళవాణ్ణి, ఐటీఐ లేనివాణ్ణి లోపలికి రానిచ్చేదెవరు? చెవితో జబ్బు కనిపెడతానంటే సెక్యూరిటీవాడు నవ్వాడట. నాకు మాత్రం ఆ మాట విని ఒళ్ళు మండింది.

పదో రోజున కృష్ణగిరి నించి కుమారేశన్ అనే కాంట్రాక్టరు వచ్చాడు. సముద్రంలో పక్కపక్కనే రెండు దీవులున్నాయట. ఒక్కోదాన్లో ఒక్కో రేవూరు. చేపలకు ఐసు చేసే ప్లాంటు రెండు ఊళ్ళలోనూ ఉంది, రెండింటికీ ఒక్కో మెకానిక్కు కావాలి. "యాడ ఉంటారో మీరే చెప్పండి ఉమా, శుక్రవారం సాయంత్రం లోపల చెప్పేస్తే చాలు" అన్నాడు, వరమిచ్చే దేవుడిలాగా. ఆ ఊళ్ళ పేర్లు మా నోళ్ళకు తిరగలేదు. మేఘే వాటికి పెద్దరేవు, చిన్నరేవు అని పేర్లు పెట్టింది.

పెద్దరేవులో ఆస్పత్రి ఉంది. కానీ పనివాళ్ళు ఎనిమిది మంది ఒకే షెడ్డులో పడుకోవాలి, పెళ్ళాంబిడ్డలను తీసుకుపోవడానికి లేదు, బాడుగ ఇళ్ళూ లేవు. చిన్నరేవులో ప్లాంటు పక్కనే ఇల్లిస్తారు, ముగ్గురూ ఉండొచ్చు. అక్కడ డాక్టరు లేడు. మంగళవారం ఒక నర్సమ్మ వచ్చిపోతుంది. ఆస్పత్రికి పోవాలంటే పడవ మీద ముప్పావుగంట, గాలి లేస్తే అదీ కదలదు. పెద్దరేవు ఎంచుకుంటే పిల్ల హోసూరులో డాక్టరు దగ్గర ఉంటుంది, తండ్రి ఉండడు. చిన్నరేవు ఎంచుకుంటే తండ్రి ఉంటాడు, డాక్టరుండడు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!

"నువ్వు పెద్దరేవుకు పో అప్పా. వీళ్ళిద్దరినీ నేను చూసుకుంటాను" అన్నాను. అతను మేఘ అరచేతిలో మచ్చ కేసి చూశాడంతే. నేను మళ్ళీ నోరెత్తలేదు.

చివరికి పువ్వు అడుగుదామన్నది నేనే. మా వైపు ఎటూ పాలుపోనప్పుడు అదే చేస్తాం. ఉద్దనపల్లి దాటాక బండ కింద మునేశ్వరుడున్నాడు. స్వామి భుజాల మీద పసుపు ముద్ద పెట్టి పూజారి పువ్వు గుచ్చుతాడు. ఏ భుజం మీది పువ్వు ముందు వాడి జారితే అదే స్వామి మాట. శుక్రవారం పొద్దున నలుగురం వెళ్ళాం. దారిలో జామంతి పూలు కొంటానంటే ఉమాశంకర్ వద్దన్నాడు. ఫ్రిజ్‌లోని తన రోజాలే తెచ్చాడు. "ఇన్నేండ్లు నాకు అన్నం పెట్టినవి ఇవే కదక్కా" అన్నాడు. కుడి భుజం పెద్దరేవుకు, ఎడమ భుజం చిన్నరేవుకు అనుకుని దండం పెట్టుకున్నాం.

పన్నెండయింది. రెండయింది. రెండు రోజాల్లో ఒక్క రేకు కూడా వాడలేదు. పూజారి చెన్నరాయప్ప దగ్గరికి పోయి వంగి చూశాడు.

"ఇవి యాడ పూలప్పా?"

"మా చల్లగదివి సామీ. పదునైదు దినాలాయ కోసి."

"దేవుడి మాట కూడా వినవే ఇవి!" అని నవ్వి, నవ్వు ఆపేశాడు. "యాడికి పోవాల అని అడిగినారు సరే. అసలు పోవాల్నా వద్దా అని అడిగినారా?"

"అది అడిగేదానికి మాకు ఇంకో దారి యాడుంది సామీ" అన్నాడు ఉమాశంకర్.

శ్రీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. మేఘ మాత్రం రోజాల కేసి కన్నార్పకుండా చూస్తూ "పడు, పడు" అంటోంది. ఏ పక్కకో తను చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాలుగింటికి కుమారేశన్ ఫోను. ధర్మపురి మనిషెవరో పెద్దరేవు తీసేసుకున్నాడట. "ఇప్పుడు చిన్నరేవు ఒకటే ఉండాది. సరేనా, లేదంటే దానికీ వేరే మనుషులుండారు."

ఉమాశంకర్ స్వామి కేసి చూశాడు, పిల్ల కేసి చూశాడు. "సరే సార్" అన్నాడు.

సోమవారం సామాను సర్దుకుని మద్రాసు రైలెక్కారు. బుధవారం ఓడ. ఆ బుధవారం పొద్దునే అనంతపురం నించి ఫ్యాక్టరీ పనికొచ్చిన కొత్త జంట మిద్దె మీద పాలు పొంగించారు. ఆ వాసన భరించలేక నేను బస్సెక్కి ఒక్కదాన్నే మునేశ్వరుడి దగ్గరికి పోయాను. రోజాలింకా భుజాల మీదే ఉన్నాయి, అంచులు మాత్రం కాస్త నల్లబడ్డాయి. బస్టాండులో కొన్న జామంతిని పూజారి చేత స్వామి రొమ్ము మీద గుచ్చించాను. కుడికి పడితే పోవచ్చు, ఎడమకు పడితే వద్దు. ఎవరూ అడగనిది నేనడిగాను.

కర్పూరం ఆరేలోపల ఎడమకు పడింది.

"గాలికి పడిందిలేమ్మా" అన్నాడు చెన్నరాయప్ప నా మొహం చూడకుండా. ఆకు కదలడం లేదక్కడ.

అప్పుడే ఫోను మోగింది. శ్రీదేవి. "అక్కా, ఓడ ఎక్కే క్యూలో ఉండాము. మేఘ అడగమంటాంది. రోజాలు ఏమన్నా పడినాయా?"

ఏం చెప్పను? వెనక్కి రండని ఏ మొహంతో చెప్పను, ఎక్కడికి రమ్మని చెప్పను? ఉన్న ఇంట్లో పరాయి పాలు పొంగాయి. ఉన్న పని ప్లాట్లయింది. ఎడమకు పడిన పువ్వును కాలితో తొక్కేయాలన్నంత కోపమొచ్చింది, దేవుడి సొత్తని ఊరుకున్నాను.

"చిన్నరేవు పువ్వే పడిందమ్మా, పొద్దున్నే" అన్నాను.

"హమ్మయ్య!" అని శ్రీదేవి ఏడ్చేసింది. మేఘ కేక వినిపించింది. తర్వాత ఫోను చేతులు మారింది. ఉమాశంకర్ నాలుగడుగులు పక్కకు వెళ్ళినట్టున్నాడు, చుట్టూ గోల తగ్గింది.

"అక్కా" అన్నాడు మెల్లగా. "అదెట్ల పడుతుందక్కా? ఇంకో వారమైనా జారదు అది."

నేను స్వామి భుజాల మీది రోజాల కేసి చూశాను.

"సరేలే. శ్రీదేవితో అట్లే ఉండనీ" అన్నాడు. క్యూ కదిలిందని చెప్పి ఫోను పెట్టేశాడు.