ఏసోబు కాక చెవి పెట్టిన గది

నిన్న మధ్యాహ్నం మిక్సింగ్ గది మూలలో చిరిగిన గోనెపట్ట మారుద్దామని మేకులు ఊడదీశాను. పాత దూది వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. ముందు తుమ్ములు వచ్చాయి, వాటి వెనకే ఏసోబు కాక. ఆయన్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు సిగ్గేస్తుంది, ప్రేమ ఆ తర్వాతే.

గోదావరిఖనిలో మా కాలనీ వాళ్లకు కాక బొగ్గుబావిలో పైకప్పు చూసే మనిషిగా తెలుసు. పని మొదలయ్యే ముందు కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పేవాడు. రిటైరయ్యేనాటికి ఒక చెవి పోయింది. రెండోది మాత్రం ఇద్దరి పని చేసేది.

ఒకరోజు భార్య మరియమ్మను వెంటబెట్టుకొని నా రికార్డింగ్ గదికి వచ్చాడు. ఆమె చర్చిలో పాటలు పాడేది. గొంతులో గడ్డ, పది రోజుల్లో ఆపరేషన్. తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఉన్న గొంతును దాచిపెట్టమని కాక అడిగాడు. రెండు పూటలు పాడించి, పాటలు సరిచేసి ఫోనుకు పంపాను. మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, గిది మా మరియమ్మ గొంతు కాదు. రేకు మీద కొట్టినట్టు సన్నగున్నది."

నాకు ఒళ్లు మండింది. నా గదిలో వింటే నిండుగానే ఉంది మరి. కాక వాదించలేదు. చేతికర్రతో గోడలు తడుతూ, చప్పట్లు కొడుతూ గదంతా తిరిగాడు. ఎవరో చెప్పారని నేను గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించుకున్నాను, అదేదో ఘనకార్యమైనట్టు. డోలు పాట ఒకటి పెట్టించి, ఆయన మూలలో చెవి పెట్టాడు.

"అట్టలు పైపై చప్పుడే పట్టినయ్. బరువు చప్పుడంత మూలలల్ల కూసున్నది. ఈ గది లేని బరువు వినిపిస్తుంటే, నువ్వు ఆమె గొంతుల ఉన్నది తీసేసినవ్."

మూడు రోజులు పనిచేశాం. పాత తలుపుల చెక్కతో జానెడు లోతు చట్రాలు చేసి, పరుపుల దూది ఏకించి నింపి, గోనెపట్ట కప్పి, గోడకు ఆనకుండా మూలలకు అడ్డంగా నిలబెట్టాం. దూది చాలకపోతే కాక తన మంచం మీది పరుపు విప్పేశాడు. వద్దంటే, చాప ఉంది కదా అన్నాడు. చట్రం నిలబెట్టిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి విని, బెత్తెడు అటూ ఇటూ జరిపించాడు. పాటలు మళ్లీ మిక్స్ చేశాను. ఈసారి మరియమ్మ గొంతు ఆమెదే, ఆ కాస్త జీరతో సహా. మరో రెండు రోజులకు ఆమెను దవాఖానాలో చేర్చారు.

ఆపరేషన్ అయిన నెలకు కాక ఒక్కడే వచ్చాడు. రెండో పాటకు ముందు మరియమ్మ మైకు దగ్గర నిలబడే, "ఏమయ్యా, గోలీ ఏసుకున్నవా?" అని ఆయన్ను అడిగింది. ఆ మాట కావాలన్నాడు.

"పాటలు దేవునియి బిడ్డా. గా మాటొక్కటే నాది."

పాట కానిదంతా ఎందుకని నేను రికార్డు చేసిన రోజే చెరిపేశాను. ఆ సంగతే చెప్పాను. కాక చేతికర్ర అందుకొని, "పోనీలే, నీకేం ఎరుక" అని లేచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కాక పోయి రెండేళ్లయింది. ఆయన నేర్పిన పద్ధతిలో మరో నలుగురికి గదులు చేసిపెట్టాను. ఇప్పుడు ఎవరు పాడటానికి వచ్చినా, వాళ్లకు చెప్పే, చెప్పులు విడిచి లోపలికి వస్తుండగానే రికార్డింగ్ మొదలుపెడతాను. వాళ్లు వెళ్లేదాకా ఆపను. ఒక్క మాట కూడా చెరపను.