కత్తెర పడని తివాచీ

డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం. మా ఇంట్లో ప్రయాణాలన్నీ నేనే ప్లాన్ చేస్తాను. ఈ ప్రయాణం మాత్రం ప్లాన్ చేసింది మా ఆవిడ, రాజ్యం. చీరాలలో చేనేతవారి ఇంట పుట్టిన మనిషి. ఇంట్లో రెండు మగ్గాలున్నా వాటి మీద కూర్చునేది నాన్న, అన్నయ్య. ఆడపిల్లలు కండెలు చుట్టాలి. ఇక్కడి ఆదివాసులైన నవాహోల్లో తివాచీలు నేసేది ఎక్కువగా ఆడవాళ్లేనని, గాలప్ అనే ఊళ్లో నాలుగు రోజుల్లో నేర్పే మనిషి ఉందని ఎక్కడో చదివింది. "అరవై వస్తున్నాయి. మొదటి నుంచి చివరి దాకా నేనే నేసిన గుడ్డ ఒక్కటైనా ఉండాలండీ నాకు," అంది. 2009 అక్టోబరులో బయల్దేరాం.

డాలస్ నుంచి ఆల్బకర్కీకి విమానం, అక్కణ్ణించి గాలప్‌కి రైలు. రోజుకి ఒక్కటే రైలు, సాయంత్రం నాలుగు దాటాక. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. మన తిండి రైల్లో దొరకదు గనక పులిహోర పట్టుకెళ్లాం. ఎదురు సీట్లో వరంగల్ కుర్రాడు, మాస్టర్స్ చేస్తున్నాడట. "నేసుడు నేర్చుకోనీకి ఇంత దూరమా ఆంటీ? ఆన్‌లైన్ల కొంటే అయిపోతుండె గద!" అంటూనే పులిహోర రెండోసారి పెట్టించుకున్నాడు.

ఏడు దాటాక గాలప్‌లో దిగి, స్టేషన్ దగ్గరే మోటెల్‌లో దిగాం. శుభ్రంగానే ఉంది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నేర్పే ఆవిడ, బెర్తా గారు, తన పికప్‌లో వచ్చి ఊరి బయట వాళ్లింటికి తీసుకెళ్లేది. డెబ్బై ఏళ్లుంటాయి.

మగ్గం నిలువుగా గోడకి ఆనించి ఉంటుంది; పైనొక కర్ర, కిందొక కర్ర, వాటి మధ్య బిగించిన పోగులు. మన మగ్గంలోలా అడ్డనూలుని అటూ ఇటూ పరిగెత్తించే నాడె లేదు. నిలువు పోగుల మధ్య అడ్డనూలు వేళ్లతో దూర్చి, చెక్క దువ్వెనతో కిందికి దట్టించాలి.

"మీ అమ్మ నేర్పలేదా?" అని అడిగింది బెర్తా గారు.

"మా అమ్మకే రాదు. మావైపు మగవాళ్లు నేస్తారు."

"మగవాళ్లా! అంతసేపు కుదురుగా కూర్చుంటారా?" అని నావైపు చూసింది. నేను లేచి గొర్రెల్ని చూసే వంకతో బయటికి పోయాను.

మూడు రోజులు సాఫీగా సాగింది. నాలుగో రోజు మధ్యాహ్నం, పైన నాలుగు వేళ్ల మందాన పోగులు మిగిలాయనగా రాజ్యం కత్తెర అడిగింది. చీరాలలో అంతేనట, చివర కొంచెం వదిలి గుడ్డ కోసేస్తారు, ఆ మిగిలిన పోగులకే తర్వాతి గుడ్డకి కావలసిన పడుగు పోగులు అతుకుతారు. బెర్తా గారు తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ కొయ్యం. పైకర్ర దాకా నెయ్యాల్సిందే."

ఆ నాలుగు వేళ్లే ప్రాణం తోడేశాయి. చెయ్యి దూరదు, దువ్వెన దూరదు. సూదితో ఒక్కో పోగూ తప్పించి నూలు లాగాలి. సాయంత్రానికి ఒక వేలి మందం కూడా నిండలేదు. మా తిరుగు రైలేమో మర్నాడు పొద్దున్నే.

"మీరు వెళ్లండి. మిగతాది నేను నేసి పోస్టులో పంపుతాను," అంది బెర్తా గారు.

హమ్మయ్య అనుకున్నాను. "సరే అను రాజ్యం. రైలు పోతే ఫ్లైటూ పోతుంది."

"ఆవిడ పూర్తిచేస్తే అది ఆవిడ గుడ్డండీ. కావాలంటే మీరు వెళ్లండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ వినలేదు. నిజం చెప్పొద్దూ, భయమేసింది. రైలు వదిలేశాం.

మర్నాడు మధ్యాహ్నానికి పోగులన్నీ నిండాయి. కర్రలకి కట్టిన తాడు విప్పగానే, నాలుగు వైపులా అంచుతో గుడ్డ చేతిలోకి వచ్చింది. రాజ్యం భోరున ఏడ్చింది. బెర్తా గారు టీ పెట్టింది.

సాయంత్రం ఆల్బకర్కీకి బస్సులో బయల్దేరాం. పొద్దుటి రైలు తప్పినవాళ్లకి ఆ రోజుకి అదొక్కటే దారి. మొత్తమ్మీద పెద్దవాళ్లు కూడా చేయగలిగిన ప్రయాణమే; నేర్చుకోవాలనుకునేవారు మాత్రం ఒకరోజు ఎక్కువే పెట్టుకోండి.

బస్సులో పక్క సీటు అమెరికన్ ఆవిడ తివాచీని అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "పైకి వచ్చేసరికి వెడల్పు తగ్గిపోయిందే," అంది. నాకు ఒళ్లు మండింది.

"అవును. నేనే నేశాను," అని, రాజ్యం దాన్ని తిరిగి ఇమ్మని చెయ్యి చాపింది.