కడుపు స్కానింగులో బయటపడ్డ కంటి గుట్టు

టీ వచ్చేలోపు చెప్పేస్తాను, అందరూ ఇటు జరగండి. కిందటి వారం కడుపుకి స్కానింగ్ అని వెళ్ళి, కుడికంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను. నవ్వండి, పర్లేదు. నాకు మాత్రం ఆ మిషను తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడిపోతున్నాయి.

ముందు నా ఉద్యోగం ఏంటో గుర్తుంచుకోండి, పరువు పోయింది సరిగ్గా అక్కడే. గమ్హరియాలో ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి సేఫ్టీ సూపర్‌వైజర్ని. రోజూ పొద్దున్నే అందరినీ నిలబెట్టి ఒకటే పాట పాడతాను. హెల్మెట్ పెట్టుకో, గాగుల్స్ దించుకో, గోరంత దెబ్బ తగిలినా వచ్చి చెప్పు, దాచకు. గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద సుద్దముక్కతో రాసేది నేనే. ఎవడైనా వేలు నలగ్గొట్టుకుంటే రిపోర్టు రాసేదీ నేనే. కారణం అన్న గడిలో ఎప్పుడూ ఒకటే మాట, 'మనిషి అజాగ్రత్త'. చెయ్యి అలవాటైపోయింది.

ఇక కడుపు సంగతి. కొన్నాళ్ళుగా కుడి డొక్కలో నొప్పి, ఒళ్ళంతా దురద. షెడ్డులో దుమ్ము అని సరిపెట్టుకున్నాను. ఓ రోజు అన్నం తింటుంటే ఇక్కడే పుట్టి హిందీకి అలవాటుపడ్డ మా అమ్మాయి స్వాతి నా మొహంలోకి చూసి, "పాపా, ఆప్‌కీ ఆంఖే పీలీ హై" అంది. అద్దంలో చూసుకుంటే నిజమే, కళ్ళు పచ్చగా ఉన్నాయి. మా ఆవిడ రమణమ్మ బర్మామైన్స్‌లో ఎవరో పసరు మందు పోస్తారని బయల్దేరదీసింది. స్వాతి సాగనివ్వలేదు, ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

అక్కడ మామూలు అల్ట్రాసౌండ్ తీశారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. లివర్ నుంచి పేగులోకి పైత్యరసం మోసుకెళ్ళే గొట్టం ఉబ్బింది. ఆ గొట్టం చివర ఏం అడ్డుపడిందో మాత్రం కనపడలేదు. అందుకని ఎమ్మార్సీపీ రాశారు. పెద్ద అయస్కాంతం మిషనులో పడుకోబెట్టి ఆ గొట్టాల్ని ఫోటో తీస్తారట. సూది లేదు, కోత లేదు. అడ్డం ఎక్కడుందో తేలితే అప్పుడు నోట్లోంచి స్కోపు దింపి తీసేస్తారట. నాకు బాగానే అర్థమైంది. పైపులైను పాడైతే ముందు ఇన్‌స్పెక్షన్, తర్వాత రిపేరు. మా లైనే కదా అని ధైర్యంగా వెళ్ళాను.

పరగడుపున రమ్మన్నారు, వెళ్ళాం. స్కానింగ్ చేసే టెక్నీషియన్ అమ్మాయి ఓ గ్లాసు అనాసపండు రసం చేతికిచ్చింది. ఆహా, ఎంత మర్యాద అనుకుని గటగటా తాగి, ఇంకో గ్లాసు ఉందా అని అడిగాను. అది మర్యాదకి కాదంకుల్, అంది. కడుపులో నీళ్ళు ఫోటోలో తెల్లగా మెరిసి అడ్డం వస్తాయట, ఈ రసం తాగితే మెరవవట, గొట్టాలు స్పష్టంగా కనపడతాయట. సరే అని గ్లాసు తిరిగిచ్చేశాను.

తర్వాత ఒక ఫారం ఇచ్చింది. ఒంట్లో పేస్‌మేకర్ ఉందా, రాడ్డు ఉందా, క్లిప్పు ఉందా, ఇలా బారెడు ప్రశ్నలు, పక్కనే అవును, కాదు గడులు. నాకు ఫారాలంటే లెక్కేముంది? చదవకుండానే పైనుంచి కిందదాకా కాదు, కాదు, కాదు అని టిక్కులు కొట్టుకుంటూ పోయి సంతకం గీకేశాను. పైగా ఆ అమ్మాయికి ఓ ఉచిత సలహా కూడా పారేశాను, ఫారానికి నంబరు వేసుకుంటే ఫైలు చెయ్యడం సులువని.

ఆ అమ్మాయి వదల్లేదు. కాయితం చూసి నోటితో మళ్ళీ అడిగింది, అంకుల్, మీరు గ్రైండింగ్, వెల్డింగ్ దగ్గర పనిచేస్తారా, కంట్లో ఎప్పుడైనా ఇనపరజను పడిందా అని. నేను ఛాతీ విరుచుకుని చెప్పాను.

"బేటీ, మై సేఫ్టీ కా ఆద్మీ హూఁ. సవాల్ హీ నహీఁ ఉఠ్‌తా."

నేను సేఫ్టీ మనిషిని, అసలు ఆ ప్రశ్నే పుట్టదు అన్నానండీ! నేను! ఈ నోటితో!

ఉంగరం, గొలుసు, వాచీ, చివరికి వెండి మొలతాడు కూడా విప్పించి రమణమ్మ చేతిలో పెట్టారు. ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద పలకలాంటిది కట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో రబ్బరు బల్బు ఒకటి పెట్టారు. ఏదైనా ఇబ్బందైతే నొక్కమన్నారు. ఎమర్జెన్సీ స్టాప్ అన్నమాట. చాలా మంచి ఏర్పాటు అని మెచ్చుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఠంగు ఠంగుమని మొదలైంది. మొదట భలే అనిపించింది, షెడ్డులో ఉన్నట్టే ఉంది. ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి అని చెవిలో చెప్తున్నారు, నేను బుద్ధిగా చేస్తున్నాను. ఇంతలో శబ్దం మారింది. జుయ్‌య్ అని సన్నగా, అచ్చం హ్యాండ్ గ్రైండర్ తిప్పినట్టు. ఆ శబ్దం వినగానే నా కుడికన్ను దానంతటదే టపటపా కొట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందటి సంగతి. గ్రైండర్ ఎలా పట్టుకోవాలో, కళ్ళజోడు ఎందుకు దించుకోవాలో కుర్రాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి చూపిస్తున్నాను. అందరికీ నా మొహం కనపడాలని నా గాగుల్స్ మాత్రం నుదుటి మీదకి నెట్టుకున్నాను. ఒక్క నిమిషమే కదా. సర్రుమని ఓ రవ్వ వచ్చి కుడికంట్లో పడింది. మా మిస్త్రీ మిశ్రా పక్కకి తీసుకెళ్ళి చేతిరుమాలు కొసతో ఏదో లాగాడు. వచ్చేసింది సాబ్ అన్నాడు. ఏం వచ్చిందో, ఎంత వచ్చిందో, ఎంత మిగిలిందో చూసినవాడు లేడు. ఆ వారంలోనే బోర్డు మీద ఏడాది నిండబోతోంది. కంపెనీ పెద్దాయన వచ్చి నాకు శాలువా కప్పబోతున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే రిపోర్టు, రిపోర్టు రాస్తే బోర్డు సున్నా, శాలువా లేదు. మిశ్రా నోరు నొక్కి, ఇంటికొచ్చి కళ్ళకలక అని చెప్పాను.

ఇప్పుడు ఆలోచించండి. అంత పెద్ద అయస్కాంతం మధ్యలో పడుకున్నాను. కంట్లో ఓ ఇనప నలుసు మిగిలి ఉంటే అది ఊరుకుంటుందా? కదిలిందంటే కన్ను పోతుంది. బల్బు నొక్కాలి. సరిగ్గా ఆ క్షణాన చెవిలో "సాఁస్ రోకియే" అని వినపడింది. ఊపిరి ఆపమన్నారు, ఆపేశాను! కన్ను పోతుందేమోనని పైప్రాణాలు పైనే పోతుంటే, సూచనలు పాటించే మనిషిని కదా, ఊపిరి బిగబట్టి, వదలమనేదాకా ఆగి, వదిలి, అప్పుడు నొక్కాను బల్బు.

ఇంత మంచి పేషెంటు ఉంటాడా చెప్పండి.

ఆ అమ్మాయి గొంతు వినపడింది, ఏమైందంకుల్ అని. కంట్లో ఇనుము, అన్నాను. తల తిప్పకండి, కదలకండి అని చెప్పి, బల్లని మెల్లగా, చాలా మెల్లగా బయటికి జరిపింది. ఎప్పుడు, ఎలా పడింది, ఎవరు తీశారు అని వరసగా అడిగింది. నేను షెడ్డులో కుర్రాళ్ళని అడిగే ప్రశ్నలే అన్నీ. నేల చూపులు చూస్తూ జవాబు చెప్పాను. ఫోటోలు చూసే డాక్టరుగారు కూడా వచ్చారు. వేళ్ళు చూపించి ఎన్ని అన్నారు. నొప్పుందా, మసకగా ఉందా అన్నారు. లేదు. అయినా సరే, ముందు కళ్ళకి ఎక్స్‌రే తీసి, నలుసు లేదని తేలితేనే మళ్ళీ మిషనులోకి అన్నారు.

అలా ఎక్స్‌రే గదికి బయల్దేరాను, కన్ను ఎక్కడ రాలిపోతుందోనని అరచెయ్యి నొక్కిపెట్టుకుని. బెంచీ మీంచి రమణమ్మ లేచి నిలబడింది.

"ఏటండీ, కడుపు ఫోటో అని తీసుకెల్లి కన్ను పీకేసినారేటి?"

ఏమీ కాలేదే, ఊరికే చూస్తారట, అన్నాను. వెనకే వస్తున్న డాక్టరుగారు ఊరుకోవచ్చు కదా? ఆవిడకి ధైర్యం చెబుదామని పాపం మొత్తం విడమరిచి చెప్పేశారు. మూడేళ్ళ కిందట గ్రైండింగ్‌లో ఇనపరజను పడిందట, మీకు తెలియదా అన్నారు.

రమణమ్మ అరవలేదు. అదే భయం వేసింది. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.

"అయితే అది కళ్ళకలక కాదు. పలాసలో మా అన్న కూతురు పెళ్ళికి నాను ఎల్నేదు. మీ కన్ను పెళ్ళింట్లో అందరికీ అంటుకుంటాదని, ఆగిపోనాను. వారం రోజులు మీ తువ్వాళ్ళు యేడినీల్లల్లో ఉడకబెట్టినాను."

ఆ పెళ్ళికి వెళ్ళలేదని వాళ్ళ వదిన ఇప్పటికీ రమణమ్మతో ముక్తసరిగా మాట్లాడుతుంది. ఇదంతా నా ఒక్క శాలువా కోసం. ఆ శాలువా బీరువాలో ఇంకా కవరు కూడా విప్పకుండా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎక్స్‌రే అయ్యాక బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నాను. చెయ్యి మాత్రం కంటి మీంచి తియ్యలేదు. ఆమె ఒళ్ళో నా ఉంగరం, గొలుసు, మొలతాడు. నేను అంత సేపు నోరు మూసుకుని కూర్చోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నిజం చెప్తున్నా, కన్ను పోతే ఎలాగో ఒకలా బతుకుతాను, ఈ మనిషి మాట్లాడకపోతే ఎలా అనిపించింది.

చివరికి డాక్టరుగారు వచ్చి, నలుసు ఏమీ లేదు, మీ మిస్త్రీ అంతా తీసేశాడు అన్నారు. మిశ్రా, నీ రుమాలుకి దణ్ణం. చెయ్యి దించి రెండు కళ్ళతో రమణమ్మ వైపు చూశాను. ఆమె ఇటు చూడలేదు. మొలతాడు మాత్రం జాగ్రత్తగా కొంగులో ముడేసుకుంది.

మళ్ళీ లోపలికి వెళ్తుంటే ఆ అమ్మాయి రిజిస్టర్లో ఏదో రాస్తోంది. స్కాన్ మధ్యలో ఆపితే ఎందుకాపారో రాయాలట. పాడు అలవాటు, మెడ సాచి చదివాను. 'పేషెంట్ తప్పుడు సమాచారం ఇచ్చారు' అని ఉంది. ఇంకో మాట లేదు. ఇన్నేళ్ళుగా నేను కుర్రాళ్ళ పేరు మీద రాసినలాంటి వాక్యం మన పేరు మీదే చదివితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఫోటోలు బాగా వచ్చాయి. గొట్టం చివర కందిపప్పు బద్దంత రాయి, దారికి అడ్డంగా కూర్చుంది. రెండు రోజుల తర్వాత మత్తిచ్చి, నోట్లోంచి స్కోపు దింపి, ఎక్స్‌రేలో చూస్తూ, చిన్న బుట్టలాంటి దాంతో పట్టి లాగేశారు. ఈఆర్‌సీపీ అంటారట దాన్ని. పచ్చదనం తగ్గుతోంది, చూడండి నా కళ్ళు. పిత్తాశయం తీసేదాకా నూనె సరుకు మాత్రం ముట్టుకోవద్దన్నారు.

నిన్న మొదటిసారి డ్యూటీకి వెళ్ళాను. గేటు దగ్గర బోర్డు మీద అంకె తుడిచేసి, పెద్ద సున్నా పెట్టాను. అందరూ గుమిగూడారు. మిశ్రా కంగారుగా వచ్చాడు, ఎవరికి తగిలింది సాబ్ అని.

"ముఝే. తీన్ సాల్ పహ్‌లే."

నాకే, మూడేళ్ళ కిందట అనేసరికి ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మధ్యాహ్నానికి ముగ్గురు కుర్రాళ్ళు విడివిడిగా నా టేబులు దగ్గరికొచ్చి, దాచుకున్న దెబ్బలు చెప్పి వెళ్ళారు.

ఇంట్లో కూడా ఓ బోర్డు వెలిసింది. రమణమ్మ వంటింటి క్యాలెండర్ పక్కన కాయితం అంటించింది. నేను అబద్ధం చెప్పకుండా ఎన్ని రోజులు గడిచాయో పెన్సిల్‌తో రాస్తోంది. పలాసకి ఫోన్ చేసి వాళ్ళ వదినకి నాచేతే అంతా చెప్పించింది. ఆ రోజు నుంచే లెక్క. ఇవాళ ఆరో రోజు. నా మీద కాస్త నమ్మకం కుదురుతోంది, పొద్దున్న టీలో పంచదార కూడా వేసింది.

వచ్చాయా టీలు? ఇవేంటి, ధుస్కాలు కూడా చెప్పారా? వేడివేడిగా... వద్దులెండి. నూనెలో తేలుతున్నాయి. వద్దన్నానా... సరే, ఒక్కటి. ఆ చట్నీ ఇటు జరపండి. అబ్బ, ఎన్నాళ్ళైంది.

ఉండండి, ఫోను. రమణమ్మే. ఊఁ, చెప్పు. ఇక్కడే, మనవాళ్ళతో. తిన్నానా? ఛఛ, లేదే, ఒట్టి టీ.

చూశారా? మీ ముందే. నోట్లో ధుస్కా ఇంకా నమలడం కూడా అవ్వలేదు. పెన్సిల్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి, ఇంటికెళ్ళి సున్నా నేనే పెట్టుకుంటాను.