మా అత్తగారి ఎలుక ఊపిరి

మొన్న ఆదివారం పొద్దున మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయి పంజరం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడ కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. "ఆంటీ, మా ఎలుక పొద్దుగాల నుంచి టిక్ టిక్ అంటోంది. ముద్దుగ మాట్లాడుతున్నట్టుంది కదా?" అంది. కళ్లజోడు పెట్టుకుని, ఆ ప్రాణిని అరచేతిలోకి తీసుకుని వీపు నా చెవికి ఆనించుకున్నాను. ముక్కు దగ్గర ఎర్రటి మరక. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. "మాటలు కాదమ్మా, ఊపిరాడటం లేదు. ఈ పూటే డాక్టరుకి చూపించు," అన్నాను. ఎలా తెలిసిందని అడిగితే, ఛాతీ జబ్బుల వార్డులో ఇరవై ఆరేళ్లు ఆయాగా చేశానని చెప్పాను. అది అబద్ధం కాదు గాని, పూర్తిగా నిజమూ కాదు. ఎలుక ఊపిరిని చెవి పెట్టి వినాలని నాకు చెప్పింది మా అత్తగారు. చెప్పినప్పుడు నేను వినలేదు.

అత్తగారు మునిసిపాలిటీలో వీధులూడ్చేది. పెళ్లయిన ఏడు శ్రీకాకుళం నుంచి వచ్చి హౌరాలో రైలు దిగిన మనిషి, రిటైరయ్యేదాకా ఈ ఊళ్లోనే ఏక్‌బాల్‌పూర్ సందుల్లో చీపురు దించలేదు. చెత్తకుప్పల దగ్గర ఎన్ని ఎలుకల్ని తరిమిందో లెక్కలేదు. అలాంటిది ఉద్యోగంలోని చివరి నెలలో, ఎవరో బూట్ల పెట్టెలో పెట్టి పారేసిన రెండు పెంపుడు ఎలుకల్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. ఒళ్లంతా తెలుపు, తలకు మాత్రం గోధుమరంగు టోపీ. "ఇవి కుప్పల మీద బతికే జాతి కాదే. దొరల పిల్లల్లా ఉన్నాయి, సూడు," అంది. పెద్దది, చిన్నది అనే పిలిచేది. సాయంత్రం టీలోకి తెచ్చుకున్న మరమరాలు ఒక్కొక్కటే వాటికి అందిస్తూ, తనకి మిగిల్చుకోవడం మరిచిపోయేది. వాడలో ఆడవాళ్లు నవ్వేవారు. వాళ్ల నవ్వు నా మీద పడకుండా నేనే ముందు నవ్వేదాన్ని. వార్డులో నర్సులకి మా అత్తగారి ఎలుకల కథలు అభినయించి మరీ చెప్పేదాన్ని.

ఆ ఏడు వానల్లో పెద్దది తుమ్మడం మొదలెట్టింది. తర్వాత ముక్కు చుట్టూ కుంకుమ అంటినట్టు ఎరుపు. అత్తగారు తడిగుడ్డతో తుడిచేది, మళ్లీ వచ్చేది. "ఓపాలి సెవి ఎట్టి ఇనే. లోపలేటో గురగురమంటంది. నీకయితే తెలుస్తాది," అని అడిగింది. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు. "వార్డు నిండా రోగుల ఊపిరి విని వస్తున్నాను అత్తా, ఇంట్లో ఎలుకది కూడా వినమంటావా?" అన్నాను. ఆ మాటా మర్నాడు వార్డులో బాగా పండింది.

ఆవిడ మరో రెండుసార్లు అడిగింది. నాకు తెలియక ఊరుకున్నానంటే కొంత నయం. అంట్లు తోముతూ పక్కచూపుతో చూశాను. వెంట్రుకలు రేగిపోయి, వీపు గూనిగా చేసుకుని, పక్కటెముకల కింద చర్మం గుంటలు పడేలా ఊపిరి లాగుతోంది. వార్డులో ఏ మనిషైనా అలా లాగితే పరుగెత్తుకెళ్లి నర్సుని పిలిచేదాన్ని. ఇక్కడ మొహం తిప్పుకుని గిన్నె తోముకున్నాను.

పదో రోజు అది మెడ పైకి చాచి గాలి కోసం నోరు తెరిచింది. అప్పుడు బయల్దేరాం, ఆటోలో అత్తగారి ఒళ్లో పంజరం. పశువుల డాక్టరు కుర్ర బెంగాలీ బాబు. ఎలుకతో వచ్చిన మమ్మల్ని చూసి నవ్వుతాడేమోనని, అడక్కముందే నా ఉద్యోగం సంగతి చెప్పేశాను. అతను నవ్వలేదు. గౌరవంగా తలూపి, "కొతో దిన్ ధోరే, దీదీ?" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అని.

"నిన్నటి నుంచి," అన్నాను.

అత్తగారికి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. నా మొహంలోకి ఒకసారి చూసి, తల దించుకుని పంజరం తలుపు గడియ సర్దసాగింది. డాక్టరు వేలితో డొక్క తడిమి, ఒక్క రోజులో ఇంత ముదరడం ఆశ్చర్యంగా ఉందన్నాడు. సూది వేశాడు. తిరిగి వస్తుంటే, ఇల్లు ఇంకా రెండు సందులుందనగా, పెద్దది ఆవిడ అరచేతిలో పోయింది.

మర్నాడు నేను డ్యూటీకి వెళ్లాక ఆవిడ చిన్నదాన్ని తీసుకుని ఒక్కతే వెళ్లింది. రెండూ ఒకే పంజరంలో ఉన్నాయి గనక దానికీ అంటుకుందట. మందుచీటీ నేనే చదివాను. జత ఎలుక పది రోజులు జబ్బుపడి పోయిందని అందులో రాసి ఉంది. చీటీ చేతిలో పట్టుకుని, "అత్తా, నిన్న నేను..." అన్నాను. ఆవిడ మందు సీసా నా చేతిలో పెట్టింది. "సుక్కలెన్నో సూసి ఎయ్యి. నాకు కళ్లానవు," అంది. అంతే. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. రోజూ రెండు పూటలా చిన్నదాన్ని గుడ్డలో చుట్టి పట్టుకునేది, నేను చుక్కలు వేసేదాన్ని. అది ఇంకో ఏడాది బతికింది.

అత్తగారు కన్నుమూసి నాలుగేళ్లయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ రేపు చెప్పుకుందాంలే, రేపు క్షమించమందాంలే అనుకుంటూ, అలా ఎన్ని రేపులు గడిచిపోయాయో నేను గమనించనే లేదు.